ఎండను ఓడకెక్కించడం ఎలా? : చమురు దేశాలతో తరగని శక్తి దౌత్యం

2020 సెప్టెంబరులో సౌదీ అరేబియా నుండి జపాన్‌కు ఒక సరుకు బయలుదేరింది. దాని బరువు 40 టన్నులు మాత్రమే. రెండు మూడు లారీ ట్యాంకర్లలో ఇమిడిపోయే సరుకది. ఆ సముద్రమార్గంలో నిత్యం సాగిపోయే పెద్ద చమురు ఓడ ఒక్కొక్కటి సుమారు 20 లక్షల పీపాల ముడిచమురును మోసుకుపోతుంది. అయినా ఆ 40 టన్నులు ప్రపంచ పత్రికలకు వార్త అయినాయి. కారణం, ఆ ఓడలో ఉన్నది చమురు కాదు, సహజవాయువూ కాదు, అమ్మోనియా. అది ఎరువుల కోసం వెళ్ళలేదు. బొగ్గుపులుసు వాయువు వెలువడకుండా విద్యుత్తు పుట్టించవచ్చునా అని పరీక్షించడానికి వెళ్ళింది.

చమురు అమ్ముకుని జీవించే దేశాలను చమురు అక్కరలేని కాలానికి ఒప్పించడం ఎట్లా? గత మూడు దశాబ్దాలుగా వాతావరణ సభలన్నింటినీ వెంటాడుతున్న ప్రశ్న ఇది. దీనికి సమాధానం ఉపన్యాసాలలో దొరకదు. కొంత రసాయనశాస్త్రంలోనూ, కొంత కొనుగోలు ఒప్పందాలలోనూ, కొంత చిన్న కూడికలు గుణకారాలలోనూ దొరుకుతుంది. గల్ఫ్ జీతాల మీద ఇల్లు నిలబెట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఇది పరాయి విషయమూ కాదు.

పాత బేరం

1960 సెప్టెంబరులో బాగ్దాదు నగరంలో ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా దేశాలు కూడి ఒపెక్ సంస్థను స్థాపించాయి. 1973 అక్టోబరు యుద్ధ సమయంలో అరబ్బు దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించగా, కొద్ది నెలలలోనే పీపా ధర మూడు డాలర్ల నుండి దాదాపు పన్నెండు డాలర్లకు చేరింది. దిగుమతి దేశాలు 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థను నెలకొల్పుకున్నాయి. నాటి నుండి కొనేవాడి భయం ఒకటే: రేపు సరుకు వస్తుందా, రాదా?

అమ్మేవాడికీ ఒక భయం ఉంటుందన్న సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. రేపు కొనేవాడు ఉంటాడా, ఉండడా అన్నదే ఆ భయం. 1992లో రూపొందిన వాతావరణ ఒడంబడికలో ఇది స్పష్టంగా కనబడుతుంది. శిలాజ ఇంధనాల ఉత్పత్తి, ఎగుమతుల ఆదాయంపై ఎక్కువగా ఆధారపడిన దేశాల కష్టనష్టాలను కూడా పరిగణించాలని నాలుగవ అధికరణంలో రాశారు. కర్బన కాలుష్యాన్ని తగ్గించే చర్యల వలన తమకు కలిగే నష్టం మాటేమిటని చమురు దేశాలు అప్పటి నుండి ప్రతి సభలోనూ అడుగుతూనే ఉన్నాయి. ఇది ఆలస్యం చేయడానికి వేసే ఎత్తుగడ అని విమర్శకులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని రాబడి పోతుందన్న భయమూ నిజమే. దానికి సమాధానం చెప్పని దౌత్యం ఎక్కడా ముందుకు సాగలేదు.

తవ్వవద్దని డబ్బిస్తే?

ఒక దేశం ఈ ప్రశ్నను సూటిగానే అడిగింది. 2007లో దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ అధ్యక్షుడు రఫాయెల్ కొర్రేయా ఐక్యరాజ్యసమితిలో ఒక ప్రతిపాదన చేశాడు. యాసునీ అడవుల కింద ఉన్న చమురును తవ్వకుండా వదిలివేస్తామనీ, దానివలన పోయే ఆదాయంలో సగం, అంటే 360 కోట్ల డాలర్లు, లోకం తమకు ఇవ్వాలనీ దాని సారాంశం. ఆరేళ్ళు గడిచాక 2013లో చూస్తే చేతికందినది సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లు. ప్రతిపాదన మూలపడింది, తవ్వకం మొదలైంది. ఆ తవ్వకాన్ని ఆపాలని 2023 ఆగస్టులో తీర్పు చెప్పినది ఆ దేశపు ఓటర్లే, విదేశీ దాతలు కాదు.

పొరుగువాడి పంట ఆగిపోతే తనకు మేలని అందరూ అంటారు గాని, ఆ పంట ఖరీదు చెల్లించడానికి ఎవరూ ముందుకు రారు. కనుక మిగిలిన మార్గం ఒక్కటే: ఆ పొరుగువాడు వేరే పంట వేస్తే దానిని కొనడం.

అబూధాబీకి వచ్చిన కార్యాలయం

2009 జనవరిలో జర్మనీలోని బాన్ నగరంలో అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఏర్పడింది. దానిని అందరూ ఐరెనా అని పిలుస్తారు. సూర్యుడు, గాలి, నీరు, జీవపదార్థాలు మొదలైన తరగని వనరుల కోసమే పుట్టిన ప్రభుత్వాల సంస్థ ఇది. ప్రధాన కార్యాలయం కోసం బాన్, వియన్నా నగరాలు పోటీపడ్డాయి. ఆ ఏడు జూన్‌లో సభ్యదేశాలు ఎన్నుకున్నది మాత్రం చమురు రాజధాని అబూధాబీని. బాన్‌కు పరిశోధనా కేంద్రం, వియన్నాకు అనుసంధాన కార్యాలయం దక్కాయి.

దొంగ చేతికే తాళాలు ఇచ్చారని అప్పుడు ఆక్షేపించినవారు ఉన్నారు. కాని ఇంటి పెద్దరికం అప్పగిస్తే బాధ్యత దానంతట అదే మీదపడుతుందన్న లోకనీతి ఇందులో కొంత పనిచేసింది. అబూధాబీ 2006లోనే మస్దర్ అనే సంస్థను స్థాపించి ఉంది. ఎడారి ఎండ, చవక స్థలం, తక్కువ వడ్డీకి దొరికే అప్పు కలిసి అక్కడ సౌరవిద్యుత్తు ధర ఎవరూ ఊహించనంతగా పడిపోయింది. 2016లో దుబాయ్ సౌర ఉద్యానవనం మూడవ దశకు యూనిట్ 2.99 అమెరికన్ సెంట్ల ధర పలికింది. 2020లో అబూధాబీలోని అల్ ధఫ్రాకు 1.35 సెంట్లు, 2021లో సౌదీలోని షుఐబాకు 1.04 సెంట్లు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. సౌదీలో ఎండాకాలపు ఎయిర్ కండిషనర్ల కోసం రోజుకు లక్షల పీపాల ముడిచమురును కాల్చి విద్యుత్తు తీశారు. ఆ స్థానంలో సౌరఫలకాలు వస్తే మిగిలిన చమురును విదేశాలకు అమ్ముకోవచ్చు. అనగా ఇంట్లో పొగ తగ్గినా, ఆ చమురు మరొకరి ఇంట్లో కాలుతుంది. చమురు దేశం సౌరశక్తిని ఆదరించినంత మాత్రాన చమురును వదలుకున్నట్లు కాదు. ఈ తేడా తెలియకపోతే ఈ దౌత్యంలో ఏ వాగ్దానం విలువ ఎంతో అర్థం కాదు.

ఎండ అణువుగా మారే తీరు

ఎడారిలో ఎండ ఎంత ఉన్నా దానిని పీపాలో పోసి పంపడానికి వీలులేదు. విద్యుత్తు తీగలు పొరుగు దేశం దాకా వేయవచ్చు గాని, జపాన్ దాకా సాగవు. అందుచేత ఎండను ఏదో ఒక రసాయన బంధంలో దాచి పంపాలి.

తొలి మెట్టు ఉదజని, అనగా హైడ్రోజన్. నీటిలోకి విద్యుత్తును పంపితే నీరు ఉదజనిగా, ప్రాణవాయువుగా విడిపోతుంది. ఒక కిలో ఉదజనికి సుమారు 9 కిలోల శుద్ధజలం, 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు కావాలి. కాని ఉదజనితో ప్రయాణం కష్టం. అది ద్రవం కావాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల సెల్సియస్ చలి కావాలి.

అందుకే రెండవ మెట్టుగా దానిని గాలిలోని నత్రజనితో కలుపుతారు. ఇది ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో నిరూపించగా, కార్ల్ బోష్ కృషితో 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారమైన పద్ధతి. ఇనుము ఉత్ప్రేరకంగా, 400 నుండి 500 డిగ్రీల వేడిలో, నూటికి పైబడిన వాతావరణ పీడనంలో మూడు పాళ్ళ ఉదజని, ఒక పాలు నత్రజని కలిసి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా సున్నాకు దిగువన 33 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. ఒక ఘనమీటరు ద్రవ ఉదజనిలో సుమారు 70 కిలోల ఉదజని ఉంటే, అంతే పరిమాణం గల ద్రవ అమ్మోనియాలో సుమారు 120 కిలోలు ఉంటుంది. ఉదజనిని మోయడానికి ఉదజని కంటే అమ్మోనియాయే మేలైన సంచి అన్నమాట. ఏటా సుమారు 18 కోట్ల టన్నుల అమ్మోనియా ఎరువులు మొదలైన వాటికై లోకంలో తయారవుతున్నది. అందులో దాదాపు 2 కోట్ల టన్నులు సముద్రం మీద ప్రయాణిస్తుంది. ఓడలు, రేవులు, గిడ్డంగులు ఇదివరకే ఉన్నాయి.

దీని దోషాలూ చెప్పుకోవాలి. అమ్మోనియా విషవాయువు. కోస్తా జిల్లాల రొయ్యల శీతల కర్మాగారాలలో అది లీకయితే ఏమవుతుందో తెలుగువారికి తెలుసు. రెండవ దోషం శక్తి నష్టం. టన్ను అమ్మోనియాలో 176 కిలోల ఉదజని ఉంటుంది. దాని తయారీకి, మిగిలిన పనులకు కలిపి సుమారు 10,000 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ టన్నును కాల్చితే వచ్చే వేడి సుమారు 5,200 యూనిట్లు. థర్మల్ కేంద్రంలో దాని నుండి తిరిగి వచ్చే విద్యుత్తు 2,000 యూనిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. పది ఇచ్చి రెండు పుచ్చుకునే వ్యాపారమిది.

జపాన్ 2024లో హెకినాన్ బొగ్గు విద్యుత్కేంద్రంలో 20 శాతం అమ్మోనియా కలిపి మండించి చూసింది. తనకు చాలినంత ఎండ, స్థలం లేని దేశానికి ఆ ప్రయోగం అవసరం కావచ్చు. కాని రసాయన దృష్టితో చూస్తే హరిత అమ్మోనియాను మొదట వాడవలసిన చోటు పొయ్యి కాదు, పొలం. అమ్మోనియా అమ్మోనియాగానే అవసరమైన ఎరువుల పరిశ్రమలో ఈ మూడవ మెట్టు నష్టం అసలే ఉండదు.

కొంటామన్న మాట

యూనిట్ ధర 1.04 సెంట్లయితే 10,000 యూనిట్లకు 104 డాలర్లే. మరి టన్ను హరిత అమ్మోనియా ఎందుకు అంత ప్రియం? ఎండ రోజులో కొన్ని గంటలే ఉంటుంది. కోట్ల డాలర్లు పోసి కట్టిన విద్యుద్విశ్లేషణ యంత్రాలు మిగిలిన గంటలు ఖాళీగా కూర్చుంటే వడ్డీ మాత్రం కూర్చోదు. సౌదీ వాయవ్య తీరంలో నియోమ్ వద్ద పగటి ఎండకు రాత్రి గాలిని జోడించడానికి కారణం ఇదే. సుమారు 4,000 మెగావాట్ల సౌర, పవన విద్యుత్తుతో రోజుకు 600 టన్నుల ఉదజనినీ, దాని నుండి ఏటా 12 లక్షల టన్నుల అమ్మోనియానూ తయారుచేయాలన్నది అక్కడి లక్ష్యం. 2023 మే నెలలో దానికి 840 కోట్ల డాలర్ల పెట్టుబడి ఖరారైంది. బ్యాంకులను ఒప్పించినది ఎండ కాదు. ఉత్పత్తినంతటినీ 30 ఏళ్ళ పాటు కొంటామని ఒక అమెరికన్ కంపెనీ రాసిచ్చిన ఒప్పందం.

ఈ కీలకాన్ని గ్రహించినది జర్మనీ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా వాయువు మీది నమ్మకం పోగానే జర్మన్ మంత్రి రాబర్ట్ హాబెక్ మార్చిలో కతర్, అబూధాబీలకు వెళ్ళాడు. అక్కడ ఆయన ఒక చేత్తో సహజవాయువు, మరొక చేత్తో ఉదజని అడిగాడు. తర్వాత జర్మనీ ఒక ఏర్పాటు చేసింది. దూరదేశాల నుండి దీర్ఘకాలిక ధరకు కొని, స్వదేశంలో తక్కువ కాలపు ఒప్పందాలతో అమ్మి, మధ్యలో వచ్చే నష్టాన్ని ప్రభుత్వం భరిస్తుంది. 2024 జూలైలో ఆ తొలి వేలం గెలిచినది అబూధాబీ ఎరువుల సంస్థ ఒకటి. ఈజిప్టులో తయారుచేసి ఐరోపా రేవుకు చేర్చేందుకు టన్నుకు 1,000 యూరోలు ధర నిర్ణయమైంది. 2027 నుండి 2033 వరకు గరిష్ఠంగా 3,97,000 టన్నులు కొంటారు.

ఇటువంటి ఒప్పందం భారతదేశానికి కొత్త కాదు. ఒమాన్‌లోని సూర్ పట్టణంలో 2005లో మొదలైన ఎరువుల కర్మాగారంలో భారత సహకార సంస్థలు ఇఫ్కో, క్రిభ్కో భాగస్వాములు. అక్కడి వాయువుతో తయారైన యూరియాను దీర్ఘకాలం కొంటామని భారత్ ముందే మాట ఇచ్చింది. ఆ మాట మీదనే కర్మాగారం లేచింది. అదే ఒమాన్ 2022లో హైడ్రోమ్ అనే సంస్థను పెట్టి, 2030 నాటికి ఏటా 10 లక్షల టన్నుల ఉదజని తయారుచేస్తామని ప్రకటించింది. ప్రకటన చేయడం తేలిక. ముప్పై ఏళ్ళు కొనేవాడిని వెతుక్కోవడమే కష్టం.

రంగుల తగవు

సహజవాయువు నుండి తీసిన అమ్మోనియాను బూడిద రంగుదని అంటారు. టన్నుకు సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ వాయువును పట్టి భూమిలో దాచితే నీలిరంగు, ఎండ గాలులతో చేస్తే ఆకుపచ్చ. ఈ రంగులన్నీ కాగితం మీదివే. సీసాలో అన్నీ ఒకటే, వాసన కూడా ఒకటే. ఏ పరికరమూ వాటిని వేరుచేసి చూపలేదు. కనుక ధ్రువపత్రమే సర్వస్వం.

2020లో జపాన్ వెళ్ళిన ఆ 40 టన్నులు నీలిరంగువి. దాని తయారీలో పట్టిన 50 టన్నుల బొగ్గుపులుసు వాయువులో 30 టన్నులు మిథనాల్ తయారీకీ, 20 టన్నులు చమురు బావి నుండి మరింత చమురు తోడడానికీ కేటాయించారు! పైగా వాయు బావుల వద్ద మీథేన్ కారితే నీలిరంగు వెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లకు పైగా వేడిని నిలుపుతుంది. అందుకే హద్దులు గీయవలసి వచ్చింది. కిలో ఉదజనికి ఐరోపా సమాజం సుమారు 3.4 కిలోల ఉద్గారాన్ని, భారతదేశం 2023 ఆగస్టు ప్రమాణంలో 2 కిలోలను హద్దుగా పెట్టాయి. ఎవరి కొలబద్ద నిలుస్తుందో వారి సరుకు చెల్లుతుంది. చమురు బేరంలో ధర కోసం జరిగిన పోట్లాట ఇక్కడ కొలత కోసం జరుగుతున్నది.

రెండున్నర రోజుల లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సౌదీ అరేబియా రోజుకు ఎగుమతి చేసే ముడిచమురు సుమారు 60 లక్షల పీపాలు అనుకుందాం. పీపా 70 డాలర్లయితే రోజు రాబడి 42 కోట్ల డాలర్లు. నియోమ్ కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడిచి, ఏటా 12 లక్షల టన్నులను టన్ను 800 డాలర్ల చొప్పున అమ్మితే వచ్చేది 96 కోట్ల డాలర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద కర్మాగారాలలో ఒకటైన దాని సంవత్సరమంతటి రాబడి, రెండున్నర రోజుల చమురు రాబడికి సరిపోదు.

ఇంకొక భేదం ఉంది. చమురు రాబడిలో అత్యధిక భాగం లాభమే. తవ్వడానికయ్యే ఖర్చు ధరలో కొద్ది భాగం మాత్రమే. అమ్మోనియా రాబడిలో ఎక్కువ భాగం యంత్రాల ఖరీదుకూ, వడ్డీకీ పోతుంది. చమురు పాతిపెట్టిన లంకెబిందె. అమ్మోనియా కష్టపడి పండించే పంట. లంకెబిందె కొందరికే దొరుకుతుంది. ఎండ చిలీకి, ఆస్ట్రేలియాకు, రాజస్థాన్‌కు, రాయలసీమకు కూడా ఉంది. అందరికీ ఉన్న దానిని గుత్తకు తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

2023లో సౌదీ ప్రభుత్వ ఆదాయంలో సుమారు 60 శాతం చమురుదే. కాబట్టి ఉదజని ఒక్కటే చమురు స్థానాన్ని భర్తీ చేస్తుందని చెప్పే దౌత్యం ఎదుటివారిని మభ్యపెట్టడమే అవుతుంది. అది ఒక ఊతకర్ర మాత్రమే. మిగిలినది పన్నులు, పరిశ్రమలు, చదువు, విదేశీ పెట్టుబడుల మీది రాబడితో నెమ్మదిగా పూడ్చుకోవలసిన లోటు.

2023 డిసెంబరు 13న దుబాయ్ వాతావరణ సభ చేసిన తీర్మానాన్ని ఈ వెలుగులో చదవాలి. ఆ సభకు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్. ఆయన అబూధాబీ చమురు సంస్థకు అధిపతి, మస్దర్‌కు తొలి ముఖ్య కార్యనిర్వాహకుడు. ఉద్గారాల మాట ఎత్తండి గాని ఇంధనాల మాట ఎత్తే తీర్మానాన్ని ఒప్పుకోకండని ఒపెక్ ప్రధాన కార్యదర్శి సభ్యదేశాలకు ఆ నెల 6న లేఖ రాశాడు. అయినా శక్తి వ్యవస్థలలో శిలాజ ఇంధనాల నుండి న్యాయంగా, క్రమబద్ధంగా, సమానత్వంతో వైదొలగాలన్న వాక్యం చివరకు చేరింది. 2030 నాటికి తరగని శక్తి సామర్థ్యాన్ని మూడింతలు చేయాలన్న వాక్యం కూడా చేరింది. ముప్పై ఏళ్ళలో ఈ సభలు శిలాజ ఇంధనాలన్నింటినీ పేరుపెట్టి పలికినది అదే మొదటిసారి. ఎంత కాలంలో, ఎవరి ఖర్చుతో అన్నది మాత్రం రాయలేదు.

కాకినాడ రేవు, జగిత్యాల ఇల్లు

భారతదేశానికి ఈ బేరంలో రెండు వేషాలు. గల్ఫ్ నుండి చమురు, అమ్మోనియా కొనే ఖాతాదారు అది. 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ పథకంతో పోటీదారు కూడా అయింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజని ఆ పథకపు లక్ష్యం. ఆ అక్టోబరులోనే సౌదీతో విద్యుత్ అనుసంధానం, హరిత ఉదజనిపై అవగాహన పత్రం కూడా కుదిరింది. 2025 జూలైలో జరిగిన తొలి హరిత అమ్మోనియా వేలంలో కిలో 55 రూపాయల 75 పైసల ధర వచ్చింది. అది టన్నుకు సుమారు 650 డాలర్లు. ఈ సరుకు ముందుగా వెళ్ళేది డీఏపీ వంటి ఫాస్ఫేటు ఎరువులకే. యూరియాకు అమ్మోనియాతోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా కావాలి. డీఏపీకి ఆ అవసరం లేదు.

కాకినాడలో ఒకప్పుడు సహజవాయువుతో యూరియా చేసిన ప్రాంగణంలోనే ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా చేయడానికి ఏఎమ్ గ్రీన్ సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి విద్యుత్తుతో నీటిని పైకి ఎత్తి, రాత్రి కిందికి వదిలే జలవిద్యుత్ కేంద్రం రాత్రి లోటును తీర్చాలన్నది ఆలోచన. గల్ఫ్ ఎడారి, గోదావరి రేవు ఒకే సంతలో పక్కపక్కన దుకాణాలు తెరుస్తున్నాయి.

ఇక రెండవ సంగతి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కోనసీమ, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళిన వారి జీతాలు చమురు రాబడి నుండి పుట్టినవే. 2014 నడిమిలో 100 డాలర్లు దాటి ఉన్న పీపా ధర 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడింది. సౌదీలో కట్టడాలు ఆగిపోయాయి. ఆ ఏడు వేలాది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక శిబిరాలలో చిక్కుకోగా, ఆగస్టులో భారత ప్రభుత్వం మంత్రిని పంపి వారిని వెనక్కు తేవలసి వచ్చింది. చమురు ఆదాయం క్రమం లేకుండా కూలితే ముందుగా దెబ్బతినేది రాజమందిరం కాదు, కార్మికుల శిబిరం అని ఆ వేసవి చూపింది.

దుబాయ్ తీర్మానంలోని 'న్యాయంగా, క్రమబద్ధంగా' అన్న మాటలకు తెలుగునాట అర్థం ఇదే. సౌరఫలకాలు బిగించేవారు, గొట్టాలు అతికే వెల్డర్లు, అమ్మోనియా భద్రత తెలిసిన సాంకేతికులు రేపటి ఎడారికి కూడా కావాలి. కాని ఆ విద్యలు ముందుగా నేర్పేదెవరు, పాత కర్మాగారం మూతపడేనాడు బాకీ జీతం ఇప్పించేదెవరు అన్నవి ఉదజని ఒప్పందాలలోనే రాసుకోవలసిన పంక్తులు. ముప్పై ఏళ్ళ పాటు సరుకు కొంటామని రాసిచ్చే దేశానికి ఆ సరుకు చేసే చేతుల గురించి అడిగే హక్కు ఉంటుంది. భారతదేశం ఖాతాదారు మాత్రమే కాదు, ఆ చేతులను పంపే దేశం కూడా. ఇంత అనువైన స్థానం ఈ బేరంలో మరే దేశానికో ఉన్నట్లు కనబడదు.

1973లో కొనేవాడు భయపడ్డాడు, నేడు అమ్మేవాడు భయపడుతున్నాడు. ఇద్దరి భయాన్నీ తీర్చగలిగినది కాలపరిమితి, కొలబద్ద, ధర స్పష్టంగా రాసిన కాగితమే. ఆ 40 టన్నుల ఓడ మోసినది అమ్మోనియా కంటే ఎక్కువగా అటువంటి కాగితం కుదరగలదన్న ఆశను. ఆ ఆశ ఒడ్డు చేరాలంటే, ఆ కాగితం మీద కార్మికుడి పేరుకు కూడా ఒక పంక్తి మిగలాలి.